నాలుగో ప్రార్థన

మార్చి 14, శనివారం. చిత్తూరు.

పొద్దున మా క్యాథలిక్ చర్చిలో ఆరింటి పూజకు వెళ్ళొచ్చాను. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం మూడో వారం ఈ రోజుతో అయిపోతుంది. ఈ నలభై రోజులైనా రోజూ పూజకు వెళ్దామని అది మొదలైన విభూది బుధవారం నాడు గట్టిగా అనుకున్నాను. ఇప్పటికి నాలుగు రోజులు తప్పాయి. నిన్న సాయంత్రం సిలువమార్గం ప్రార్థన ముగిసేసరికి కాళ్ళు లాగేసి, ఈ రోజు కూడా లేవలేనేమో అనుకున్నాను గానీ, మెలకువ దానంతట అదే వచ్చింది.

గుడిలో పదిహేను మందికి మించి లేరు. ఈ రోజు చదివిన సువిశేషం, నియమాలు తూచా తప్పని పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి కథ. లూకా 18వ అధ్యాయం. ఏటా ఈ శనివారం ఇదే చదువుతారు కాబట్టి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇద్దరు గుడికి వెళ్తారు, ఒకడు తన గొప్పలు చెప్పుకుంటాడు, ఇంకొకడు కళ్ళెత్తి చూడలేక దూరంగా నిలబడి రొమ్ము బాదుకుంటాడు. రెండోవాడే దేవుని దగ్గర మంచివాడనిపించుకుని ఇంటికి వెళ్తాడు. కథ తెలిసిందే కదా అని చెవి సగమే పెట్టాను.

ఫాదర్ గారు ఐదు నిమిషాలే మాట్లాడారు. పరిసయ్యుడు ఒక్క అబద్ధం కూడా ఆడలేదన్నారు. యూదుల ధర్మశాస్త్రం తప్పనిసరి చేసిన ఉపవాసం ఏడాదికి ఒక్కసారే, ప్రాయశ్చిత్త దినం నాడు. ఇతను వారానికి రెండుసార్లు చేస్తున్నాడు. సంపాదన అంతటిలో పదో వంతు ఇస్తున్నాడు. అన్నీ నిజాలే. కానీ అతని ప్రార్థనలో అడిగింది ఏమీ లేదు. కృతజ్ఞత చెబుతున్నట్టే మొదలుపెట్టి, మధ్యలో పక్కవాడి వైపు వేలు చూపించాడు. సుంకరి మాటలు గ్రీకు మూలంలో ఆరే ఆరు. ఆ ఆరింటిలో పరిసయ్యుడి ఊసు లేదు.

ఆ చివరి మాట దగ్గర నాకు ఎక్కడో తగిలింది. అప్పటికి ఎందుకో తెలియలేదు.

ఇంటికొచ్చి ఇడ్లీ పెట్టి, బాబును చదువుకోమని కూర్చోబెట్టి, పది గంటలకు నోట్‌బుక్ తీశాను. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, ఆదివారం పూజకు విశ్వాసుల ప్రార్థనలు రాసే పని ఆరేళ్ళుగా నాదే. టీచర్ని కదా, అక్షరం బాగుంటుంది, తప్పుల్లేకుండా రాస్తానని అప్పటి ఫాదర్ గారు అప్పజెప్పారు. దానికని ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాను. వరుస ఎప్పుడూ ఒకటే. మొదటిది శ్రీసభ, అంటే క్యాథలిక్ సంఘమంతటి కోసం. రెండోది దేశాన్ని పాలించేవాళ్ళ కోసం, లోకమంతటి కోసం. మూడోది కష్టాల్లో ఉన్నవాళ్ళ కోసం. నాలుగోది మన విచారణ కోసం. ఒక్కొక్కటి చదివాక గుడి మొత్తం "ప్రభూ, మా ప్రార్థన ఆలకించండి" అంటుంది.

రేపటి పఠనాలు ముందుగా చదివాను. మొదటిది సమూవేలు మొదటి గ్రంథం నుంచి. యిషాయి కొడుకుల్లో ఒకరిని రాజుగా అభిషేకించడానికి సమూవేలు బేత్లెహేముకు వెళ్తాడు. పెద్దకొడుకు ఆకారం చూసి ఇతనే అనుకుంటాడు. మనుషులు పైరూపం చూస్తారు, నేను హృదయం చూస్తానంటాడు దేవుడు. చివరికి గొర్రెలు కాసుకుంటున్న దావీదును పిలిపిస్తారు. సువిశేషం యోహాను 9వ అధ్యాయం, పుట్టుగుడ్డికి చూపు వచ్చిన సంగతి. మొదటి మూడు ప్రార్థనలు అరగంటలో అయిపోయాయి. నాలుగోదాని దగ్గర ఆగాను. పోయిన వారాల్లో రాసిందే మళ్ళీ రాకూడదని పేజీలు వెనక్కి తిప్పాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నాలుగోది ఇలా ఉంది: ప్రసంగం జరుగుతుండగా బయట నిలబడి మాట్లాడుకునే యువకుల మనసు మార్చమని. దానికి ముందు వారం: గుడి పనులకు చేయూతనివ్వడంలో వెనకాడే కుటుంబాలకు ఉదార హృదయం ఇమ్మని. ఇంకోటి: దేవుడిచ్చిన గొంతును సొంత పేరు కోసం వాడుకోకుండా పాటల బృందానికి వినయం ప్రసాదించమని. ఆ వాక్యం రాసేటప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది బృందం కాదు, ఒక్క మనిషి. ఎవరో నాకు తెలుసు. ఆమెకూ తెలిసే ఉంటుంది.

జనవరి మూడో వారం పేజీలో ఒక వాక్యం కింద ఎర్ర ఇంకుతో గీత గీసి ఉంది. చదివేటప్పుడు అక్కడ ఆగి నొక్కి చదవాలనిపిస్తే అలా గీసుకోవడం నాకు అలవాటు. "కుటుంబాల్లో తమ మాటలతో ఇతరుల మనసు గాయపరిచేవారికి, నాలుకను అదుపులో ఉంచుకునే కృపను దయచేయమని ప్రభువును వేడుకొందము."

అది మా వదిన కోసం రాసింది.

మా నాయన సంవత్సరీకం పూజ జనవరిలోనే అయింది. పూజయ్యాక అన్నవాళ్ళింట్లో భోజనాలు. చుట్టాలందరి ముందు వదిన నన్ను అడిగింది, "నాయన్ని ఆస్పత్రిలో నువ్వెన్ని దినాలు చూసినావు చెప్పు?" అని. ఇస్తరి ముందు కూర్చున్నదాన్ని లేచి చెయ్యి కడుక్కుని వచ్చేశాను. ఆ రోజు నుంచి మాటల్లేవు. తర్వాతి ఆదివారం నేను మైకు ముందు నిలబడి ఈ వాక్యం నొక్కి చదివాను. గుడి మొత్తం "ఆలకించండి" అంది. కుడివైపు మూడో బెంచీలో కూర్చున్న వదిన కూడా అంది. మూడు వందల మంది నోటితో నేను నా కోపాన్ని దేవుని ముందు పెట్టించాను. వాళ్ళెవరికీ అది తెలియదు.

ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. సుంకరి ప్రార్థనలో పరిసయ్యుడి ఊసు లేదన్న మాట నాకెందుకు తగిలిందో అప్పుడు అర్థమైంది.

ఇది ఒక్క నోట్‌బుక్‌లోనే అయితే ఇంత బాధపడేదాన్ని కాదు. మా ఇంట్లో రాత్రి జపమాల అయ్యాక ఒక్కొక్కరం సొంతంగా ప్రార్థన చేస్తాం. వేలాంగణ్ణి మాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, చాప మీద ముగ్గురం కూర్చుంటాం. నా వంతు వచ్చినప్పుడు నేనేమంటున్నానో గుర్తు చేసుకున్నాను. "ప్రభూ, బాబుకు ఫోను మీద ధ్యాస పోగొట్టి చదువు మీద బుద్ధి పుట్టించు." వాడు నా మోకాలికి జానెడు దూరంలో కూర్చుని వింటుంటాడు. ఆ మాట దేవునికి చెబుతున్నానా, వాడికి చెబుతున్నానా? వాడికే. తిడితే ఎదురు మాట్లాడతాడు, ప్రార్థనైతే మాట్లాడలేడు. వాడు కొన్నాళ్ళుగా తన వంతు వస్తే "నాకేం లేదు" అని పరలోక జపం మొదలుపెట్టేస్తున్నాడు. పదో తరగతి పరీక్షల టెన్షన్ అనుకున్నాను.

మా అమ్మకు సొంత మాటలతో ప్రార్థించడం తెలియదు. ఆమె చిన్నప్పుడు మన చిత్తూరు ప్రాంతం నెల్లూరు మేత్రాసనంలో, అంటే నెల్లూరు బిషప్ గారి పరిధిలో ఉండేది. కడప మేత్రాసనం 1976లో వచ్చింది. ఊళ్ళో ఉపదేశి నోటిపాఠంగా నేర్పించిన జపాలే ఆమెకు జీవితాంతం సరిపోయాయి. నేను కాలేజీలో చదివే రోజుల్లో అమ్మ జపాలు వింటే, చిలక పలుకుల్లా ఉన్నాయి, మనసులోంచి రావాలి కదా అనుకునేదాన్ని. ఈ రోజు ఆ జపాలను ఒక్కొక్కటే తలుచుకుంటూ పోతే ఒక సంగతి కనబడింది. పూజ మొదట్లో చెప్పే పాపపు ఒప్పుకోలు అంతా "నేను"తోనే నడుస్తుంది. తలంపుల్లో, మాటల్లో, చేతల్లో, చేయాల్సినవి చేయకపోవడంలో నేను తప్పు చేశాను. రొమ్ము మీద కొట్టుకునేటప్పుడు ఎవరి చెయ్యి వాళ్ళ రొమ్ము మీదికే వస్తుంది. పరలోక జపంలో మనకు అపకారం చేసినవాళ్ళు ఒక్కచోటే వస్తారు, అదీ మేం వాళ్ళను మన్నిస్తున్నామని చెప్పే చోట. వాళ్ళకు బుద్ధి చెప్పమని అడిగే వీలే ఆ జపం ఇవ్వలేదు. ఉపదేశి నేర్పిన ఆ మాటల్లో అమ్మకు పక్కింటివాళ్ళ మీద ఫిర్యాదు చేసే చోటు దొరకలేదు. సొంత మాటలు వచ్చిన నాకు దొరికింది.

మధ్యాహ్నం చింతకాయ పచ్చడి, అన్నం. బాబు లెక్కల్లో ఏదో రాక పెన్ను విసిరేశాడు, మా ఆయన సర్దిచెప్పారు. నేను కలగజేసుకోలేదు.

ఐదు గంటలకు, ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళాను. ఈస్టరుకు ముందు చివరి వారంలో అయితే లైను పెద్దదవుతుంది, ఇప్పుడు ఐదారుగురే. మోకరించి, జాలీకి అవతల ఫాదర్ గారి తెల్లటి అంగీ భుజం మాత్రం కనబడుతుండగా మొదలుపెట్టాను. వదిన మీద కోపం ఉంది ఫాదర్, రెండు నెలలుగా మాట్లాడలేదు. ఎందుకంటే మా నాయన సంవత్సరీకం నాడు ఆమె అందరి ముందూ ఇలా అంది, ఆమె స్వభావమే అంత, పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ... అలా చెప్పుకుంటూ పోయాను. ఫాదర్ గారు అడ్డుపడలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నెమ్మదిగా అన్నారు. "అమ్మా, ఆమెవి ఆమె వచ్చి చెప్పుకుంటుంది. మీవి చెప్పండి."

నాకు మాట రాలేదు. జాలీ చెక్క మీద ఎవరో గోరుతో గీసిన చిన్న సిలువ గుర్తు ఉంది. దాన్నే చూస్తూ ఉండిపోయాను. తర్వాత నోట్లోంచి వచ్చింది నేను ఇంటి దగ్గర అనుకుని వెళ్ళిన మాట కాదు. "ఆమె అన్నది నిజం ఫాదర్. అందుకే కోపం."

నాయన వేలూరు ఆస్పత్రిలో పందొమ్మిది రోజులున్నాడు. చిత్తూరు నుంచి వేలూరు గంట దారి. నేను మూడు ఆదివారాలే వెళ్ళాను. స్కూల్లో సెలవు ఇవ్వరన్నాను. అడగలేదు. నాయన అలా పడుకుని ఉండటం చూడలేక, సెలవు దొరకదని నాకు నేనే చెప్పుకున్నాను. మిగతా రోజులన్నీ ఒళ్ళు తుడిచింది, పక్కగుడ్డలు మార్చింది వదిన. ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. ఏడాది పైన రెండు నెలలు ప్రార్థనలు రాశాను, చదివాను, జపమాలలు చెప్పాను, ఈ ఒక్క మాట దేవుని ముందు పెట్టలేదు.

ఫాదర్ గారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆమెను క్షమించాలని ఉందా అని అడిగారు. లేదని చెప్పాను. క్షమాపణ అడగాలని ఉందా? అదీ లేదు ఫాదర్, భయంగా ఉంది అన్నాను. "ఇదే దేవునికి చెప్పండి. లేనిది ఉన్నట్టు చెప్పకండి. ఇవాళ్టికి, ఆ కోరికైనా పుట్టించమని అడగండి." ప్రాయశ్చిత్తంగా ఒక్క పరలోక జపం చెప్పమన్నారు, మధ్యలో ఆగకుండా కాదు, మన్నించే మాట దగ్గర ఆగి. పాపవిమోచనం పలికారు. బయటికొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ మాట దగ్గర ఆగాను. చాలాసేపు పట్టింది. గుడి వెనక వేపచెట్టు మీద గోరింకలు గూటికి చేరుతూ గోలగోలగా అరుస్తున్నాయి. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను.

ఇంటికొచ్చి నాలుగో ప్రార్థన రాశాను. ఈసారి వాక్యం చిన్నది. "మనలో ఒక్కొక్కరం ఎవరికీ చెప్పుకోలేనిది ఒకటి ప్రభువుకు తెలుసు. దాన్ని ఆయన ముందు పెట్టి కాసేపు మౌనంగా ఉందాం." పక్కన బ్రాకెట్లో "ఆగాలి" అని నల్ల ఇంకుతోనే రాసుకున్నాను. జనవరి పేజీ చింపేయాలనిపించింది. చింపలేదు, అలాగే ఉండనిచ్చాను.

రాత్రి జపమాల. శనివారం కాబట్టి ధ్యానించేది సంతోష దేవరహస్యాలు. నా వంతు వచ్చింది. బాబు తల వంచుకుని చాప అంచు పీచు లాగుతున్నాడు. "ప్రభూ, వీడి పరీక్షలంటే నాకు భయంగా ఉంది. ఆ భయంతో వీడి మీద అరుస్తున్నాను" అన్నాను. ఇంకేం రాలేదు. వాడు చాప పీచు లాగడం ఆపాడు. వాడి వంతు వచ్చినప్పుడు ఎప్పటిలా "నాకేం లేదు" అనే అన్నాడు. కానీ వెంటనే పరలోక జపం మొదలుపెట్టలేదు. కొవ్వొత్తి వైపు చూస్తూ కొంచెంసేపు ఊరికే కూర్చున్నాడు. మేమిద్దరం వాడి కోసం ఆగాం.

ఇప్పుడు పదకొండు. వదిన నంబరు తీసి చూశాను, ఫోను చేయలేదు. ఈ పాటికి నిద్రపోయి ఉంటుంది అన్నది సాకే అని నాకు తెలుసు. రేపు ఎనిమిదింటి పూజ. చీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. వదిన ఎప్పుడూ కూర్చునేది కుడివైపు మూడో బెంచీ. దాని వెనక బెంచీలో కూర్చుంటే, పూజలో ఒకరికొకరం శాంతి చెప్పుకునేటప్పుడు ఆమె వెనక్కి తిరుగుతుంది, నేను ఎదురుగా ఉంటాను. ఎక్కడ కూర్చోవాలో ఇంకా తేల్చుకోలేదు.