పాత పేరు పైకి చదవకుండా

ఎల్‌జీబీటీ హక్కుల సంఘాల్లో చేరేది ర్యాలీల కోసమే అనుకుంటారు చాలామంది. మనిషిని అక్కడ నిలబెట్టేది కాగితాల పని. కేంద్రం 2020లో తెచ్చిన నిబంధనల్లో ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రానికి వైద్య పరీక్ష పెట్టలేదు. ఫారం-1, అఫిడవిట్ ఇస్తే కలెక్టర్ 30 రోజుల్లో పత్రం ఇవ్వాలన్నారు. చిక్కంతా వేరేచోట. ఇల్లు వదిలి వచ్చినవాళ్ల ఆధార్ ఊళ్లోనే ఉండిపోతుంది, దానికి కలిపిన ఫోన్ నాన్నది. ఓటీపీ ఇంటికి పోతుంది, అది ఇంకా ప్రమాదం. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు వెనక్కి రావచ్చు. పక్కన కూర్చుని, వాళ్లు వదిలేసిన పాత పేరు పైకి చదవకుండా, అన్నీ సరిచూసే మనిషి కావాలి. ఆ మనిషి అవ్వాలనే వస్తారు. నిజాం కాలంలో హిజ్రాల మీద తెచ్చిన 1919 నాటి చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. 2018లో ఆ పిటిషన్ వేసిందీ ఈ సముదాయంలోని కార్యకర్తలే.