క్యాచ్ క్యాన్ పెట్టగానే ఇంజిన్‌లో ప్రెషర్ తగ్గిపోదు బాసూ

రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించిన మా బావ కారుకి ఫ్లైవీల్ వైపు ఆయిల్ సీల్ మళ్లీ కారుతోందని ఆటోనగర్ తీసుకెళ్తే, మెకానిక్ బాబాయి కింద దూరి చూసొచ్చి గేర్‌బాక్స్ దింపాల్సిందే అబ్బాయ్ అన్నాడు. సీలేమో మొన్న వేసిన కొత్తదే. డూప్లికేట్ సీలు అయ్యుంటది అని అక్కడున్న నలుగురూ తేల్చేశారు. అసలు లోపల్నుంచి గాలి తోస్తా ఉంటే ఒరిజినల్ సీలు మాత్రం ఎంతకాలం ఆగుద్ది చెప్పండి.

బావ కారు ఇంజిన్ 1248 సీసీ టర్బో డీజిల్, కంపెనీ నుంచి వచ్చినప్పుడు 75 పీఎస్ పవర్, 190 ఎన్ఎం టార్క్. పిస్టన్ రింగులు ఎంత బాగున్నా, మండిన గ్యాస్ కొంచెం పిస్టన్ పక్కనుంచి జారి కింద చాంబర్‌లోకి దిగుతుంది, అదే బ్లో-బై. బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ప్రెషర్, పెంచి డీజిల్ ఎక్కువ కొట్టిస్తే సిలిండర్‌లో ప్రెషర్ పెరిగి కిందకి జారేదీ పెరుగుద్ది, కానీ అది బయటికి పోయే దారి, అంటే బ్రీదర్ పైపు, మాత్రం 75 పీఎస్ ఇంజిన్‌కి పెట్టిన దారే. దానికి తోడు మా బావ ఆన్‌లైన్‌లో చూసి ఒక క్యాచ్ క్యాన్, అంటే ఆ పైపు దారిలో పెట్టే డబ్బా, కొన్నాడు, చూడ్డానికి భలే ఉంది, ఎర్ర రంగు, మెరుపు, బానెట్ ఎత్తితే ఫొటో తీసుకోవాలనిపిస్తుంది.

క్యాన్ పెడితే లోపల ప్రెషర్ తగ్గిపోద్దని చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు. క్యాచ్ క్యాన్ పని ఆ గ్యాస్‌లో కలిసొచ్చే ఆయిల్ తుంపర్లని పట్టుకోవడం, అంతే, ప్రెషర్ తగ్గించడం దాని పని కాదు, పైగా దారిలో ఇంకో అడ్డం. మావాడి క్యాన్‌కి ఉన్న నాజిల్‌లో చిటికెన వేలు కూడా దూరదు, ఒరిజినల్ బ్రీదర్ పైపేమో బొటనవేలంత లావు. లోపల స్టీల్ పీచు కుక్కి కుక్కి పెట్టారు. అదీగాక బ్యాటరీ వెనక మలుపు దగ్గర ఆ సన్న రబ్బరు పైపు వేడికి మెత్తబడి నొక్కుకుపోయింది, బయటికి బాగానే కనపడుతుంది, వేళ్లతో తడిమితే తెలిసింది.

ఇంజిన్ ఆయిల్ మూత తీసి పొగ చూసి బ్లో-బై ఎంతుందో చెప్పేవాళ్లు ఆటోనగర్‌లో బోలెడుమంది, అనుభవం కాబట్టి చాలావరకు కరెక్టే చెప్తారు, కాకపోతే మూత తీశాక ప్రెషర్ ఎక్కడుంటుంది, మూత పెట్టి ఉన్నప్పటి సంగతి కదా కావాల్సింది. దానికి పెద్ద మీటర్లేం అక్కర్లేదు. పాత ఆయిల్ మూత ఒకటి తీసుకుని బెజ్జం వేసి నిపుల్ బిగించి, తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపు తగిలించి, దాన్ని యూ ఆకారంలో వంచి రంగు నీళ్లు పోశాం. రెండు వైపులా నీళ్లు సమానంగా ఉంటే ప్రెషర్ లేనట్టు. 70 సెంటీమీటర్ల తేడా అంటే 1 పీఎస్ఐ ప్రెషర్. పైపు మాత్రం పొడుగ్గా ఉండాలి, లేదంటే ఇంజిన్ ఎదురు లాగినప్పుడు నీళ్లు లోపలికి పోతాయి. ఐడిల్‌లో పెద్ద తేడా లేదు. పైపుని బానెట్ సందులోంచి లోపలికి లాగి నేను పట్టుకుని కూర్చున్నా, బావ వారధి మీద మూడో గేర్‌లో నిండా తొక్కాడు, రెండు వైపుల నీళ్లకి జానెడు తేడా వచ్చింది. పావు పీఎస్ఐ దాటినట్టే, సీలు అంచుకి అది చాలు.

క్యాన్ తీసేసి లావు పైపు నేరుగా టర్బో ముందుకి, అంటే టర్బో గాలి లాక్కునే పైపుకి, కలిపి మళ్లీ అక్కడే తొక్కితే తేడా దాదాపు పోయింది. అంటే రింగులు ఇంకా పర్లేదు, దారే ఇరుకు. అప్పుడు గేర్‌బాక్స్ దింపి సీలు వేయించాం.

ఇంకో సంగతి. టర్బోకి ఆయిల్ పంపు ప్రెషర్‌తో వెళ్తుంది గానీ, తిరిగి కిందకి దిగేది తన బరువు మీదే. చాంబర్‌లో ప్రెషర్ ఉంటే ఆ ఆయిల్ దిగలేక టర్బో సీల్స్ దాటుకుని వస్తుంది, నీలం పొగ, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపుల్లో జిడ్డు. టర్బో పోయిందని మార్పించేసుకుంటారు పాపం, కొత్త టర్బో కూడా అదే పొగ కొడుతుంది.

అయితే ఈ గోలంతా లేకుండా పైపు ఊడదీసి రోడ్డు మీదకి వదిలేస్తే పోలా అంటారు కొందరు. పాతకాలం కార్లు అట్లాగే వదిలేవి, కాలిఫోర్నియాలో ఆ పొగ సమస్యయ్యే 1961 మోడళ్ల నుంచి తిరిగి ఇంజిన్‌లోకే పంపే పీసీవీ అనే వాల్వ్ పెట్టారు. ఇప్పుడు మళ్లీ అట్లా వదిలితే రూల్స్‌కి విరుద్ధం, సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుంటే కాలిన ఆయిల్ కంపు మొత్తం లోపలికే, పైగా టర్బో ముందుండే కాస్త లాగుడు కూడా పోతుంది, ఫుల్ లోడ్‌లో మనకి కావాల్సిందే అది. పెట్రోల్ టర్బో వాళ్లకైతే ఇంకో మెలిక ఉంది, ఐడిల్‌లో మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) లాగుద్ది, బూస్ట్‌లో అదే మానిఫోల్డ్ వెనక్కి తోస్తుంది, అందుకని ఆ పైపులో వన్‌వే వాల్వ్, టర్బో ముందుకి రెండో పైపు, రెండూ ఉండాలి.

మావాడికి క్యాన్ మీద మోజు తీరలేదు కాబట్టి లావు నాజిల్స్, లోపల అడ్డరేకులు ఉన్నది చూసి పెట్టించాం, మళ్లీ నీళ్ల పైపుతో చెక్ చేశాకే. డీజిల్‌లో క్యాన్ ఉన్నోళ్లు దాన్ని ఖాళీ చేయడం మర్చిపోవద్దు. నిండిపోయి ఆ ఆయిల్ టర్బోలోకి పోయిందంటే ఇంజిన్ దాన్నే డీజిల్‌లా మండించుకుని రేస్ అయిపోద్ది, తాళం తీసినా ఆగదు. మాన్యువల్ అయితే బ్రేక్ గట్టిగా తొక్కి, పై గేర్ వేసి క్లచ్ వదిలి ఆపేయాలి, బానెట్ ఎత్తి చెయ్యి మాత్రం పెట్టొద్దు.