ఏటవాలు చర్చి

నేల మీద పెట్టిన వాటర్ బాటిల్ పడిపోయి బెంచీల కింద నుంచి దొర్లుకుంటూ పోయింది, దాని వెనక నేను! ఉత్తర స్పెయిన్‌లో, బాస్క్ తీరంలోని గెతారియా అనే ఈ చిన్న ఊళ్లో సాన్ సాల్వదోర్ చర్చి నేల నిజంగానే ఏటవాలు, చెక్క నేల అయ్యేసరికి ఆ చప్పుడుకి అందరూ నా వైపే చూశారు. చర్చి కింద నుంచి ఓ సందు రేవుకి పోతుంది, సిగ్గుతో అటే జారుకున్నా.

1522లో ఓడలో భూగోళం చుట్టి తిరిగొచ్చిన ఎల్కానోది ఈ ఊరే. వచ్చింది మొత్తం 18 మంది. బళ్లో మనం బట్టీ పట్టింది మాత్రం ఆ యాత్రకి నాయకుడిగా బయల్దేరిన మెజెల్లాన్ పేరు, ఆయనేమో ఫిలిప్పీన్స్‌లోనే చనిపోయాడు.

రేవు పక్కన సాన్ ఆంతోన్ కొండ. దాన్ని ఇక్కడివాళ్లు ఎలుక అంటారు, చూస్తే అచ్చం అలాగే ఉంది, సముద్రంలోకి మూతి పెట్టి. బొగ్గుల మీద చేప కాలుతున్న వాసన వస్తోంది. బాటిల్ ఇప్పుడు బ్యాగులోనే ఉంది.