పొద్దున దాటిన గెడ్డ సాయంత్రానికి అదే గెడ్డ కాదు

ముసురు పట్టిన రోజున ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి చూస్తే పుణ్యగిరి కొండ సగానికి పైన కనబడదు. మబ్బు దిగి కూర్చుంటుంది. అలాంటి రోజే ఎక్కాలనిపిస్తుంది చాలామందికి. అందులో తప్పేం లేదు, వానాకాలం కొండ అందమే వేరు. కాకపోతే ఎక్కడం గురించి ఆలోచించినంతగా దిగడం గురించి ఆలోచించరు. విజయనగరం, శ్రీకాకుళం కొండల్లో వాన రోజు చిక్కులు చాలావరకు తిరుగుదారిలోనే వస్తాయి. పొద్దున మడమ తడవకుండా దాటిన గెడ్డ, అంటే కొండవాగు, మధ్యాహ్నం రెండయ్యేసరికి తొడల దాకా వచ్చేస్తుంది.

కారణం కొండ ఒంట్లోనే ఉంది. వాలు నిటారు, రాతి మీద మట్టి పొర పలచన. నాలుగు రోజులుగా జల్లులు పడి ఆ మట్టి నీళ్ళు తాగేసి ఉంటే కొత్త వాన ఇంకడానికి చోటుండదు, పడ్డదంతా గెడ్డలోకే దిగుతుంది. అందుకని ఇవాళ ఎంత పడుతుందని అడిగే ముందు, గడిచిన మూడు రోజుల్లో ఎంత పడిందో చూసుకోవాలి.

వాతావరణ శాఖ మాటలకి లెక్కలున్నాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే ‘భారీ’, 115.6 నుంచి ‘అతి భారీ’, 204.4 దాటితే ‘అత్యంత భారీ’. ఆ 24 గంటలూ ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు. ‘ఒకటి రెండు చోట్ల భారీ వర్షం’ అని జిల్లా మొత్తానికి చెబుతారు. ఆ ఒకటి రెండు చోట్లలో కొండవాలు ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే సముద్రం మీంచి వచ్చే తేమగాలి కొండకి తగిలి పైకి లేచి, అక్కడే చల్లబడి కురుస్తుంది. ఊళ్ళో తుప్పర పడుతున్నప్పుడే కొండ మీద జోరువాన ఉండొచ్చు. ఎల్లో హెచ్చరిక ఉంటే గెడ్డ దాటనక్కర్లేని దారి చూసుకోండి. ఆరెంజ్ ఉంటే ఇంట్లో మిరపకాయ బజ్జీలు వేసుకోండి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే అసలు చర్చే అక్కర్లేదు. అక్టోబరులో మరీ జాగ్రత్త: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి.

ఏ కొండ అన్నది కూడా ముఖ్యమే. పుణ్యగిరిలో ఉమాకోటిలింగేశ్వర స్వామి గుడి దాకా మెట్లున్నాయి, జనం తిరుగుతారు, ఊరు దగ్గర. మొదటిసారి వాన నడకకి అది చాలు. మహేంద్రగిరి వేరే సంగతి. ఎత్తు 1501 మీటర్లు, శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. మందస వైపు నుంచి వెళ్ళేవాళ్ళు అడవి దారిన చాలా దూరం ఎక్కాలి. ఆ కొండలో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నదిని నింపే నీళ్ళన్నీ మీరు నడిచే వాలుల మీంచే దిగుతాయని గుర్తుంటే చాలు. వానాకాలంలో ఒక్క రోజులో ఎక్కి దిగేద్దామనే ఆలోచన మానుకోవడం మంచిది. ఏ కొండకైనా ముందు కింద ఊళ్ళో అడగాలి: పైన నిన్న రాత్రి పడిందా, గెడ్డ ఎలా ఉంది, అటవీ శాఖ వాళ్ళు వెళ్ళనిస్తున్నారా. కొత్తూరు, సీతంపేట, భామిని వైపైతే ఏనుగులు ఎటున్నాయో కూడా.

వేళ లెక్క ఇలా వేసుకోండి. గంటకి 5 కిలోమీటర్లు, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకి మరో గంట. ఇది 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు కొండెక్కే ఆయన వేసిన లెక్క, పొడి దారికి, గట్టి మనుషులకి. 4 కిలోమీటర్ల దూరం, 600 మీటర్ల ఎక్కుడు అనుకుంటే 48 నిమిషాలు, ఒక గంట, మొత్తం దాదాపు రెండు గంటలు. వానలో దానికి సగం కలపండి, మూడు గంటలవుతుంది. దిగడానికీ అంతే పెట్టుకోవాలి. తడి దారిలో దిగుడు తొందరగా అయిపోదు. ఆరున్నరకి బయల్దేరితే తొమ్మిదిన్నరకి పైన, అరగంట ఆగితే ఒంటిగంటకి కింద. ఎక్కడున్నా సరే, పదకొండు కొట్టగానే వెనక్కి. ఆగస్టులో సూర్యాస్తమయం ఆరు దాటాకే అయినా, మబ్బు రోజున చెట్ల కింద ఐదున్నరకే దారి కనబడదు.

ఇక కాలి కింద నేల. ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి, ఖోండు గిరిజనుల పేరు మీదే దానికా పేరు. అది చివికితే ఎర్ర బంకమట్టి అవుతుంది, తడిస్తే సబ్బు. గెడ్డ దగ్గర నల్లగా మెరిసే రాళ్ళ మీద పాచి ఉంటుంది. అన్నిటికంటే మోసం చేసేది దారికి అడ్డంగా పడుకున్న చెట్టు వేరు. బెరడు ఊడిన తడి వేరు మీద ఏ బూటూ నిలవదు, దాని మీంచి దాటాలి తప్ప దాని మీద కాలు వేయకూడదు. దిగేటప్పుడు అడుగు చిన్నది, పాదం మొత్తం నేలకి ఆనాలి, మోకాలు కొంచెం వంగి ఉండాలి. మడమ ముందు మోపితే జారిపోతారు. గుండె ఎత్తు వెదురు కర్ర ఒకటి ఉంటే మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది, నీటి లోతు చూడటానికీ అదే. రాళ్ళు కదిలే వాలులో ఒకరి కింద ఒకరు నేరుగా దిగకండి.

బూట్లకి అడుగున లోతు గాళ్ళుండాలి. పాత స్పోర్ట్స్ షూ పైకి ఎంత బాగున్నా అడుగు అరిగిందంటే అది పార్కుకే. గమ్‌బూట్లు గెడ్డలో నిండిపోయి బరువెక్కుతాయి. కాలి గోళ్ళు ముందు రోజే కత్తిరించుకోవాలి, లేకపోతే దిగుడులో బొటనవేలి గోరు నల్లబడుతుంది. జీన్సు, నూలు చొక్కా నీళ్ళు పీల్చి ఒంటికి అంటుకుంటాయి. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది, దానికి గాలి, తడి బట్ట తోడైతే శ్రీకాకుళం మనిషికి కూడా పళ్ళు కొట్టుకుంటాయి. వణుకుతున్న మనిషి మాట తడబడుతోందంటే అక్కడే ఆపి, తడి బట్టలు మార్చి, వేడి టీ పట్టించాలి. అందుకే పాలిథిన్ సంచిలో మూట కట్టిన ఒక జత పొడి బట్టలు, ఫ్లాస్కు తప్పనిసరి. ఆటల వాళ్ళు వేసుకునే పాలిస్టర్ టీషర్టు, పలచటి ప్యాంటు చాలు, త్వరగా ఆరతాయి. బండి మీద వేసుకునే రెయిన్‌కోటు లోపల చెమట పట్టి ఎలాగూ తడిసిపోతారు, పైగా తుప్పల్లో చిరుగుతుంది. మోకాలి దాకా వచ్చే పాంచో నయం. మెట్ల దారిలో గొడుగు హాయి, శిఖరం గాలిలో దండగ. అసలు పొలాల్లో కప్పుకునే తాటాకు గిడుగుని మించింది ఈ నాటికీ రాలేదు, చేతులు ఖాళీగా ఉంటాయి కదా.

గెడ్డ దగ్గరికి వద్దాం. పొద్దున దాటేటప్పుడే నీటి అంచున ఒక పుల్ల పాతి, అది కొట్టుకుపోకుండా రాయి ఆనించండి. తిరిగొచ్చేసరికి పుల్ల మునిగితే ఎంత పెరిగిందో తెలుస్తుంది. పైన ఉండగానే కొన్ని గుర్తులు పట్టాలి. తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబడటం, ఎండాకులూ పుల్లలూ తేలుతూ రావడం, నీటి చప్పుడులో రాళ్ళు దొర్లే గుడగుడ వినబడటం. వీటిలో ఏది కనబడినా వరద వస్తున్నట్టే, ఫొటోలకి ఆగకుండా ఎత్తుకి వెళ్ళిపోవాలి.

దాటాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒక ఆకు నీళ్ళలో వేసి ఒడ్డున దానితో పాటు నడవండి. మీ నడకని అది మించిపోతే దాటవద్దు. లోతు మోకాలు దాటినా వద్దు. దాటే చోటు వెడల్పుగా, తిన్నగా ఉండాలి. ఇరుకు చోట దూరం తక్కువని ఆశపడతారు, నీరు అక్కడే లోతు, అక్కడే వడి. కింద రాళ్ళ దొంతరో, నీళ్ళు దూకే చోటో ఉంటే అసలే వద్దు, కాలు తప్పితే ఆపేదేమీ ఉండదు. అడ్డంగా పడిన మాను వంతెనలా కనబడుతుంది గానీ దాని మీద పాచి ఉంటుంది.

బూట్లు విప్పకండి. సంచికి గుండె మీది పట్టీ, నడుం పట్టీ వదులు చేయండి, పడితే వెంటనే విసిరేయొచ్చు. ముఖం ఎగువకి, కర్ర ఎగువన, అడుగులు పక్కకి జరుపుతూ. ఒక కాలు కుదురుకున్నాకే రెండోది ఎత్తాలి. ముగ్గురుంటే బలమైన మనిషి ఎగువన, మిగతా ఇద్దరు అతని వెనక నీడలో, భుజాలు పట్టుకుని కలిసి జరగాలి. నడుముకి తాడు కట్టుకోవడం పెద్ద పొరపాటు: జారితే తాడు బిగిసి, ప్రవాహం మనిషిని కిందకి నొక్కేస్తుంది. కొట్టుకుపోతే వెల్లకిలా, కాళ్ళు దిగువకి పెట్టి చేతులతో ఒడ్డుకి మళ్ళాలి. వడిలో లేచి నిలబడబోతే పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది.

దాటలేకపోతే కూర్చోవడమే. చిన్న గెడ్డ పెరిగినంత తొందరగానే తగ్గుతుంది, పైన వాన ఆగిన రెండు మూడు గంటల్లో తేడా కనబడుతుంది. ఆ రెండు మూడు గంటలకే అదనపు తిండి మోసేది. ఉడికించిన చిలగడదుంపలు, వేరుశనగ చిక్కీ, పలాస జీడిపప్పు గుప్పెడు, ఒక సీసాలో చోడి (రాగి) అంబలి. వానలో దాహం తెలీదు, పిక్కలు పట్టేశాక తెలుస్తుంది, గంటకి అర లీటరు తాగాలి.

ఉరుము రోజులు వేరు. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ముప్పై సెకన్ల లోపు వినబడితే శిఖరం, ఒంటరి చెట్టు, ఇనుప కంచె వదిలి కిందికి దిగండి, మనిషికీ మనిషికీ ఎడం ఉంచండి. ఆకాశం నిమ్మళించి అరగంటయ్యే దాకా పైకి వెళ్ళకండి.

వాన చప్పుడులో మన అడుగుల చప్పుడు కలిసిపోతుంది, ఎలుగుబంటికి మనం ఎదురుపడే దాకా తెలీదు. ఉద్దానం జీడితోటల అంచుల్లో, మందస వైపు అడవుల్లో మాట్లాడుకుంటూ, మలుపుల్లో చప్పట్లు కొడుతూ నడవండి. పట్టు కోసం కొమ్మ అందుకునే ముందు చూడండి, ఆకు రంగులో కలిసిపోయే పచ్చ పింజరి చేతి ఎత్తులోనే ఉంటుంది. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏదీ వద్దు. కదలనివ్వకుండా మోసుకొచ్చి ఆసుపత్రికి చేర్చాలి. లోయల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి 108కి ఫోను ఎక్కడ కలుస్తుందో ఎక్కేటప్పుడే చూసుకోండి. జలగ పడితే అగ్గిపుల్ల అక్కర్లేదు, సన్నటి కొన దగ్గర గోరు దూర్చి తోస్తే వదులుతుంది. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం అది వదులుతుంది కాబట్టి కారుతూనే ఉంటుంది, గుడ్డతో పది నిమిషాలు నొక్కి పట్టండి. మేజోళ్ళ అంచుకి తడి పొగాకు పూసుకునేవాళ్ళు ఉన్నారు, గెడ్డ దాటగానే మళ్ళీ పూయాలి.

ఇంటికొచ్చాక బట్టలు వేడినీళ్ళలో వేసి, చంకలు, గజ్జలు, మోకాలి వెనక, నడుం పట్టీ చోటు అద్దంలో చూసుకోండి. తుప్పల్లో ఉండే కంటికి ఆనని పురుగు పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ రావచ్చు. సాధారణంగా పది పన్నెండు రోజులకి జ్వరం, తలనొప్పి, కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు. పెచ్చు అందరికీ రాదు. కొండకి వెళ్ళొచ్చిన మూడు వారాల్లో జ్వరం వస్తే, ‘అడవిలో నడిచాను’ అన్న మాట డాక్టరుకి అడగకముందే చెప్పండి. తొందరగా పట్టుకుంటే మామూలు డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోయే జబ్బు అది.