ఆకాశంలో నిలిచినవాడు

చెన్నై పశ్చిమ మాంబళం కోదండరామస్వామి సన్నిధిలో విభీషణ శరణాగతి ఉపన్యాసం విన్నప్పుడల్లా నా మనసు ఒక చిన్న మాట దగ్గర ఆగిపోతుంది. నలుగురు అనుచరులతో సముద్రం దాటి వచ్చిన విభీషణుడు, భార్యాబిడ్డలను సైతం విడిచి రాఘవుణ్ణి శరణు కోరుతున్నానని ఎలుగెత్తి చెప్పుకున్న తరువాత కూడా నేల మీద కాలు మోపలేదు. "ఖస్థ ఏవ" అన్నాడు వాల్మీకి, అంటే ఆకాశంలోనే ఉండిపోయాడని. వెనక్కి వెళ్ళడానికి ఇల్లు లేదు, ముందుకు రావడానికి అనుమతి లేదు.

కింద విచారణ సాగుతోంది. వధించమని సుగ్రీవుడు, పరీక్షించమని అంగదుడు, చారుణ్ణి పంపమని శరభుడు చెబుతారు. వేళ కాని వేళ వచ్చాడని జాంబవంతుడు శంకిస్తాడు. మెల్లగా ప్రశ్నించి చూద్దామంటాడు మైందుడు. వీరిలో ఎవరూ దుర్మార్గులు కారు, స్వామి క్షేమం కోరి భయపడినవారే. హనుమ ఒక్కడే ఎదుటివాడి వైపు నుంచి ఆలోచించి, మంచి మనసుతో వచ్చినవాణ్ణి ఉన్నట్టుండి నిలదీస్తే అతని మనసే విరిగిపోతుందని అన్నాడు.

ప్రాణభయంతో పరాయి దేశపు గడప తొక్కినవారి స్థితి నేటికీ అదే. అమెరికాలో ఆశ్రయం అడిగినవారిలో చాలామందిని, వారి భయం నిజమా కాదా అని అధికారులు తేల్చేదాకా నిర్బంధ కేంద్రాల్లో ఉంచుతారు. వకీలును పెట్టుకునే హక్కు ఉన్నా, ఆ ఖర్చు ప్రభుత్వం భరించదు. ఆ ఎదురుచూపులో వారిని చూడడానికి వెళ్ళేవారు, ఉత్తరాలు రాసేవారు, జామీను సొమ్ము పోగుచేసేవారు చాలాచోట్ల ప్రార్థనా సమాజాల వారే. 1982 మార్చి 24న టూసాన్ నగరంలోని సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి, మధ్య అమెరికా యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవారికి ఆశ్రయమిస్తున్నట్టు బహిరంగంగా ప్రకటించింది. పాస్టర్ జాన్ ఫైఫ్, మరికొందరు అందుకు 1986లో కోర్టులో దోషులుగా నిలబడవలసి వచ్చింది. వారి మతం వేరైనా, ఆ పనిలో నాకు కనిపించేది శరణన్నవారికి అభయమిచ్చే రామవ్రతమే.

మనకు ఇది దూరపు సంగతి కాదు. విభీషణుడు శరణు వేడిన చోటని భక్తులు చెప్పుకునే ధనుష్కోటి కోదండరామాలయం చుట్టుపక్కల తీరానికే, 1983 తరువాత, శ్రీలంక నుంచి తమిళులు పడవల్లో వచ్చి దిగారు. మన చెన్నైకి దగ్గరలోని గుమ్మిడిపూండిలో వారి శిబిరం ఉంది. బడులు తెరిచే రోజుల్లో మేము కొందరం కలిసి నోటుపుస్తకాలు తీసుకువెళ్ళినప్పుడు, ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కవరులోంచి నమోదు కాగితం తీసి చూపించారు. మడతల దగ్గర చిరిగిపోయి, వెనక రెండు చోట్ల అంటించి ఉంది. దాన్ని మా చేతికివ్వకుండా, రెండు చేతులతో తానే పట్టుకుని చూపించారు.

సకృదేవ ప్రపన్నాయ తవాస్మీతి చ యాచతే
అభయం సర్వభూతేభ్యో దదామ్యేతద్ వ్రతం మమ

"నీవాడనని ఒక్కసారి శరణు కోరినా చాలు, సమస్త భూతాల నుంచీ అభయమిస్తాను, ఇది నా వ్రతం" అన్నాడు రాముడు. సకృత్ అంటే ఒక్కసారి. ఆ పెద్దావిడ తన కథ ఎన్ని కార్యాలయాల్లో, ఎన్నిసార్లు చెప్పుకుని ఉంటారో!

అభయమిచ్చిన వెంటనే, వచ్చినవాడు విభీషణుడైనా సరే, రావణుడే అయినా సరే, తీసుకురమ్మన్నాడు రాముడు. ఆ మాట చెప్పింది హనుమతో కాదు, వధించమన్న సుగ్రీవుడితోనే.