ఇవాళ అమ్మ పక్కకి తిరగలేదు

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. రేపు ఆరింటికల్లా కోల్డ్ స్టోరేజీ దగ్గర బండి పెట్టాలి. నేనూ పడుకోవాల్సినవాణ్ణే, కానీ ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నా లోడు బండి డాష్‌బోర్డు మీద దుర్గమ్మ బొమ్మ ఉంది. గుంటూరులో బయల్దేరేటప్పుడు అమ్మ నా వైపు చూస్తూ ఉంటుంది. కాజ టోల్‌గేటు వచ్చేసరికి ఎడమ కిటికీ వైపు తిరిగిపోతుంది. కింద టేపు వేస్తే ఊడింది, జిగురు పెడితే అదీ ఊడింది. టోల్ దగ్గర లైన్లో ఆగినప్పుడల్లా కళ్లకద్దుకుని సరిచేసి పెట్టడం నాలుగు నెలలుగా అలవాటైపోయింది. ఇవాళ సాయంత్రం బెజవాడ నుంచి ఖాళీ బండితో వస్తూ కాజ దగ్గర అలవాటు కొద్దీ చెయ్యి చాపాను. అమ్మ నా వైపే చూస్తోంది. ఒక్క ఇసుమంత కూడా కదల్లేదు.

ఆ సంతోషం పెదకాకాని దాకా ఉంది. అక్కణ్ణుంచి ఇంటికొచ్చేదాకా ఒకటే మంట.

మార్చిలో క్లచ్ పోయింది. మిర్చి యార్డు నిండా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, బయట రోడ్డు మీద బండ్ల వరుస, సరిగ్గా అప్పుడే. ఊళ్లోనే ఒక షెడ్డులో దించాను. పేరు ఎందుకులే. సాయంత్రానికి ప్లేటు మార్చి ఇచ్చారు. మర్నాటి నుంచే వణుకు. వేగం యాభై దాకా ఏమీ ఉండదు. యాభై అయిదు దాటిందంటే సీటు కింద పిండిమర ఆన్ చేసినట్టు ఉంటుంది. గేరు రాడ్డు మీద చెయ్యి పెడితే మోచేతి దాకా జివ్వుమంటుంది. తిరిగి తీసుకెళ్తే ‘వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి’ అన్నారు. చేయించాను. అలైన్‌మెంట్ అన్నారు, అదీ అయింది. ముందు టైర్లు రెండూ అరిగాయన్నారు, కొత్తవి వేశాను. ఇంజను మౌంటింగ్ రబ్బర్లు మార్చారు. మొత్తం 27,000 రూపాయలు. వణుకు మాత్రం అలాగే ఉంది. నాలుగోసారి వెళ్తే అక్కడి కుర్రాడు ఓ రౌండు తిప్పుకొచ్చి, ‘బండి బాగానే ఉంది అన్నా, మీకే అనుమానం పట్టుకుంది’ అన్నాడు.

అనుమానమా? రోజుకు ఎనిమిది గంటలు ఆ సీట్లో కూర్చునేది నేను. రాత్రి అన్నం కలుపుకుంటుంటే వేళ్లు తిమ్మిరెక్కి ఉంటున్నాయి. మా ఆవిడ చూసి గిన్నె తనే దగ్గరికి జరుపుతోంది. ఆ అరగంట తిరిగొచ్చినవాడికి నా వేళ్ల సంగతి ఏం తెలుసు?

ఇవాళ బెజవాడ ఆటోనగర్లో స్పేర్ పార్టుల లోడు దించాక, పక్క వీధిలో ఒక పెద్ద మేస్త్రికి చూపించాను. అరవై పైనే ఉంటాయి. ఆయన బండి ఎక్కలేదు. ఒక్కటే అడిగారు, ‘వణుకు స్టీరింగు పట్టుకున్న చేతికి తెలుస్తోందా, నడుముకి తెలుస్తోందా?’ నడుముకే అన్నాను. ‘స్టీరింగు వణకట్లేదు కదా? మరి ముందు టైర్లు ఎందుకు మార్చారు బాబూ?’ అంటూ గోనెసంచి పరుచుకుని కిందికి దూరారు. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలను తిప్పే పొడుగాటి ఇనప గొట్టం, ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని మీద మడ్డి అంతా డీజిలు గుడ్డతో తుడిచి నన్నూ రమ్మన్నారు. షాఫ్ట్ మధ్యలో ఒకదాంట్లో ఒకటి దూరే జాయింటు ఉంటుంది. ఆ రెండు ముక్కల మీదా చిన్న బాణం గుర్తులు కొట్టి ఉన్నాయి. రెండూ ఒకే వరసలో ఉండాలి. మాదాంట్లో ఒకటి పైకి చూస్తోంటే రెండోది పక్కకి చూస్తోంది.

బయటికొచ్చాక ఆయన రెండు పిడికిళ్లూ ఎదురెదురుగా పెట్టి చూపించారు. షాఫ్ట్‌కి రెండు చివరలా క్రాస్ అనే వంగే కీలు ఉంటుంది. షాఫ్ట్ వాలుగా ఉంటుంది కాబట్టి ముందు క్రాస్ తిరిగేటప్పుడు ఒక చుట్టులో రెండుసార్లు వేగం కాస్త పెరిగి, కాస్త తగ్గుతుందట. వెనక క్రాస్ ఆ ఎగుడుదిగుడుని సరిగ్గా ఎదురు తిప్పి కొట్టేయాలి. క్రాసుల్ని పట్టుకునే షాఫ్ట్ ఫోర్కులు రెండూ ఒకే వరసలో ఉంటేనే అది కుదురుతుంది. తప్పితే ఆ కుదుపంతా సీట్లోకి వస్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్ట్ నాలుగైదు చుట్లు తిరుగుతుంది, ఇంక ఎన్ని కుదుపులో లెక్క వేసుకోండి. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడు జాయింటు ఊడొచ్చి ఉంటుంది, గుర్తు చూసుకోకుండా దోపేశారు. ఊడదీసి బాణాలు కలిపి బిగించి గ్రీజు కొట్టడానికి అరగంట పట్టింది. మూడు వందలు తీసుకున్నారు.

వారధి ఎక్కేటప్పటికే ఒళ్లు తేలికైపోయింది. అరవై, అరవై అయిదు... చప్పుడు లేదు. పెదకాకాని దాటాక ఆ షెడ్డు ముందు బండి ఆపి నలుగురిలో అడిగేయాలని గట్టిగా అనుకున్నాను. ఏం మాట్లాడాలో కూడా కూర్చుకున్నాను.

కానీ ఇంటికొచ్చి కూర్చుంటే వేరేది గుర్తొచ్చి ఆగిపోయాను. ‘చేతికా, నడుముకా’ అన్న మాట నేను మొదటిసారి విన్నది ఇవాళ కాదు.

నాన్న టాటా 407 లారీ నడిపే రోజుల్లో పిడుగురాళ్ల నుంచి సున్నం తెచ్చేవాడు. పోయేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు లోడు. ‘లోడుంటే బండి ఏనుగురా, ఖాళీ అయితే మేకపిల్ల’ అనేవాడు. కమాన్ పట్టీలు, అంటే బండి కింద స్ప్రింగు పట్టీలు, బరువు మొయ్యడానికి చేసినవి, పైన బరువు లేకపోతే అవి వంగవు, గుంతలో పడ్డ దెబ్బ నేరుగా వెన్నులోకే వస్తుంది. అందుకని అమ్మ బూరుగు దూదితో మందంగా దిండు కుట్టి ఇచ్చింది. అది ఏడాది తిరిగేసరికి అట్టముక్కలా అయిపోయేది, సంక్రాంతికి మళ్లీ విప్పి ఏకి కుట్టేది. దిండు ఉన్నా అంతంతమాత్రమే. రాత్రి ఇంటికొచ్చి మంచం పట్టె పట్టుకుని మెల్లగా కిందికి దిగి చాప మీద బోర్లా పడుకునేవాడు. ‘నడుం తొక్కరా’ అనేవాడు. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. గోడ పట్టుకుని ఎక్కి నిలబడేవాణ్ణి. బండి దిగి గంటైనా నా అరికాళ్ల కింద ఆ కండ సన్నగా అదురుతూనే ఉండేది. చక్కిలిగిలిగా ఉండేది నాకు, నవ్వేవాణ్ణి. నాన్న కదిలేవాడు కాదు. అమ్మ పెనం మీద ఉప్పు వేయించి మూట కట్టి తెచ్చేది. ఆ వేడి ఉప్పు వాసన, చొక్కాకి అంటుకున్న సున్నం వాసన కలిసి ఇప్పటికీ ముక్కులో ఉన్నాయి.

ఆయనే చెప్పాడు. వణుకు చేతికి తెలిస్తే ముందు చక్రాలు, నడుముకి తెలిస్తే వెనకాల. బండి నిలబడి ఉన్నప్పుడు కూడా వణికితే ఇంజను. మార్చిలో, మొదటి వారంలోనే, వరండాలో కూర్చుని అడిగాడు: ‘క్లచ్ మార్చినప్పుడు షాఫ్ట్ విప్పారా? గుర్తు చూసి వేశారా?’ నేనేమన్నానో మాటకి మాట గుర్తుంది. ‘ఇవి నీ 407 రోజులు కావు నాన్నా, నువ్వు ఊరుకో’ అన్నాను. ఆయన ఊరుకున్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అందుకే ఆ షెడ్డుకు వెళ్లడం మానుకున్నాను. క్లచ్ మార్చిన రోజు ఆ పిల్లల నెత్తిన నిలబడి ‘తొందరగా, తొందరగా, లోడు పోతుంది’ అని ఊపిరాడనివ్వలేదు నేను. గుర్తు చూసుకునే తీరిక ఎక్కడిది వాళ్లకి? పొరపాటుకి కోపం లేదు. ‘అనుమానం’ అన్న మాటకి మాత్రం ఇంకా ఉంది, అది పోదు.

ఖాళీ బండి ఎగరడం ఇంకా అలాగే ఉంది, అది వేరే సంగతి. సంక్రాంతి ముందు ఎక్కువ లోడు ఆగుతుందని వెనక కమాన్ కట్టల్లో చెరో పట్టీ అదనంగా వేయించింది నేనే. అప్పుడూ నాన్న వద్దనే అన్నాడు. ఆదివారం వాటిని తీయించేస్తాను. ఎక్కువ లోడు వచ్చినా రెండు ట్రిప్పులు వేసుకుంటాను.

సాయంత్రం నేను బండి పెట్టి దిగగానే నాన్న అడిగాడు, ‘ఎలా ఉందిరా బండి?’ అని. ‘బాగైంది నాన్నా’ అన్నానంతే. ఎలా బాగైందో చెప్పడానికి నోరు రాలేదు. ఆయనా ఇంకేం అడగలేదు, చేత్తో బానెట్ మీద ఒకసారి తట్టి వెళ్లిపోయాడు.

హాల్లో దగ్గు వినపడుతోంది. ఇంకా నిద్ర పట్టినట్టు లేదు. ఉండండి, వెళ్లి బాణాల సంగతి చెప్పొస్తాను.