మిలిటరీ ట్రక్కు మీద వెల్డింగ్ యూనిట్ కట్టే ముందు

సైన్యం వాడి అమ్మేసిన పాత ట్రక్కును వెల్డింగ్ బండిగా మార్చాలనుకునేవారు సాధారణంగా మిషనుతో మొదలుపెడతారు. ఎన్ని ఆంపియర్లది కావాలి, దాంతోపాటు కంప్రెసరు కూడా పెట్టాలా అన్న చర్చే ఎక్కువగా నడుస్తుంది. ఆ చర్చ తర్వాత చేసుకోవచ్చని నా అభిప్రాయం. ముందు బండి కిందికి దూరి చాసిస్‌ను చూడాలి, ఎందుకంటే పైన మనం కట్టేది ఎంతకాలం నిలుస్తుందో తేల్చేది అదే.

దారి లేని చోట నడవడానికి తయారైన ట్రక్కు చాసిస్ కొంత మెలి తిరిగేలా ఉంటుంది. ముందు ఎడమ చక్రం రాయి ఎక్కి, వెనక కుడి చక్రం గుంతలోకి దిగినప్పుడు చాసిస్ పొడవునా ఉండే రెండు దూలాలు ఒకే మట్టంలో ఉండవు. కమాన్లతో పాటు చాసిస్ కూడా అలా ఒదగడం వల్లే చక్రాలన్నీ నేలను వదలకుండా ఉంటాయి. దాని మీద బిరుసైన స్టీలు బాడీని తెచ్చి నాలుగు మూలలా బోల్టులతో బిగించేస్తే, ఆ మెలి ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు కనుక, బాడీ మూలల్లోని వెల్డులో, బోల్టు రంధ్రం అంచులో, లేదా చాసిస్‌లోనే పగులు మొదలవుతుంది.

అందుకే బాడీకి వేరుగా సబ్‌ఫ్రేము, అంటే చాసిస్‌కూ బాడీకీ మధ్య ఉండే మరో చట్రం, కట్టాలి. దాన్ని వెనక భాగంలో గట్టిగా బిగించి, క్యాబిన్ వైపు మాత్రం బలమైన స్ప్రింగులు తొడిగిన పొడవాటి బోల్టులతో పట్టించడం చాలాకాలంగా నిలిచిన పద్ధతి. ఎగుడుదిగుడు నేల మీద బండిని నెమ్మదిగా నడిపిస్తూ పక్కనుంచి గమనిస్తే దాని పనితనం కళ్లకు కడుతుంది: ఒక పక్క స్ప్రింగు నొక్కుకుపోతుంది, సబ్‌ఫ్రేముకూ దూలానికీ మధ్య వేలు పట్టేంత సందు తెరుచుకుంటుంది, చదును నేల రాగానే ఆ సందు మూసుకుపోతుంది. పైన ఉన్న మిషనుకూ గ్యాస్ సిలిండర్లకూ ఆ మెలి దాదాపు అందదు. బోల్టుల కోసం దూలం పై అంచులోనూ కింది అంచులోనూ రంధ్రాలు వేయకూడదు, బరువు వల్ల కలిగే ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడే. వీలైనంతవరకు నిలువు భాగంలో ముందే ఉన్న రంధ్రాలను వాడుకోవాలి. చేతిలో వెల్డింగ్ ఉంది కదా అని బ్రాకెట్లను చాసిస్‌కే అతికించడం మరీ ప్రమాదం, ఆ వేడికి వెల్డు పక్కన ఉక్కు గుణం మారిపోతుంది.

ఇలాంటి ట్రక్కులకు బరువు మోయడం సమస్య కాదు. అమెరికా సైన్యం 1950ల నుంచి వాడిన ఎం35 ట్రక్కునే తీసుకుంటే, దారి లేని చోట 5,000 పౌండ్లు, అంటే సుమారు 2,270 కిలోలు మోయడానికి దాన్ని తయారుచేశారు. మిషను, సిలిండర్లు, బల్ల, పనిముట్లు అన్నీ కలిపినా అంత బరువుకు చేరడం కష్టం. చూసుకోవలసింది ఎత్తు. ఈ బండ్ల తొట్టి అసలే నేలకు బాగా ఎత్తులో ఉంటుంది కాబట్టి, బరువైన మిషనును ఇరుసుల మధ్య, వీలైనంత కిందికి అమర్చాలి.

చాలా సైనిక ట్రక్కుల్లో కరెంటు 24 వోల్టులది, రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి ఇస్తారు. పని దీపాలకో ఫ్యానుకో 12 వోల్టులు కావాలని ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగితే, అది ఎప్పుడూ సగం ఛార్జిలోనే ఉండిపోతుంది, రెండోది అతిగా ఛార్జి అయి చెడిపోతుంది. 24 నుంచి 12కు తగ్గించే కన్వర్టరు పెట్టడమే సరైన మార్గం. బండికే వెల్డింగ్ చేయవలసి వస్తే బ్యాటరీ తీగలు విప్పి, ఎర్త్ క్లాంపును వెల్డు చేసే చోటికి పక్కనే పట్టించాలి. దూరంగా పట్టిస్తే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుని వాటిని పాడుచేస్తుంది.

గ్యాస్ కటింగ్ సిలిండర్ల విషయంలో ఏ రాజీకీ నేను ఒప్పుకోను. ఎసిటిలిన్ సిలిండరులో గ్యాసు అసిటోనులో కరిగి ఉంటుంది. పడుకోబెట్టి వాడితే ఆ అసిటోను గ్యాసుతోపాటు, ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటరులోకి వస్తుంది, కాబట్టి ప్రయాణంలోనూ పనిలోనూ అది నిలువుగానే ఉండాలి. రెగ్యులేటరు దాటిన తర్వాత దాని ఒత్తిడి 15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 15 పౌండ్లు) దాటకూడదు, అంతకు మించితే ఆక్సిజన్ లేకుండానే విచ్ఛిన్నమై పేలే స్వభావం దానిది. మూసిన పెట్టెలో పెట్టడం కన్నా గాలి ఆడే తెరిచిన అరలో, పైనా కిందా రెండు చోట్ల పట్టీలతో కట్టి ఉంచడం మంచిది. బండి కదిలే ముందు రెగ్యులేటర్లు తీసి, వాల్వుల మీద మూతలు బిగించాలి.

ఇంత చేసిన తర్వాతే మిషను ఆంపియర్ల లెక్క. అక్కడ కూడా పెద్ద అంకెను చూసి కొనకుండా, మనం రోజూ వాడే ఆంపియర్ల దగ్గర డ్యూటీ సైకిల్ ఎంతో చూడాలి. 60 శాతం అని రాసి ఉంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆర్కు నడిపి, మిగతా నాలుగు నిమిషాలు మిషనును చల్లారనివ్వాలి. లీడ్లు, అంటే మిషను నుంచి పని చోటికి వెళ్లే తీగలు, పొడవుగా కావాలనుకుంటే తీగ మందం కూడా పెంచాలి, లేకపోతే వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. యూనిట్ అంతా ఎక్కించి కొంతదూరం కఠినమైన దారిలో తిప్పాక, సబ్‌ఫ్రేము బోల్టులన్నిటినీ టార్కు రెంచితో మళ్లీ బిగించాలి.